గేబుల్ గోడ

గేబుల్ గోడ అనగా రెండు వైపులకు వాలుగా ఉన్న ఇంటికప్పు చివరలను మూసే గోడ. దీనిని తెలుగులో ముక్కోణపు గోడ అని చెప్పవచ్చు. రెండు వాలుల పెంకుటింటికి ఉండే నాలుగు గోడలలో రెండు చూరు కింద ఉండి, పొడవునా ఒకే ఎత్తులో ముగుస్తాయి. మిగిలిన రెండు చివరిగోడలు చూరు ఎత్తును దాటి, కప్పు వాలును అనుసరిస్తూ, నడిమధ్యన ఇంటి కొప్పు వరకు పెరుగుతాయి. చూరు మట్టానికి పైన ఉండే ఈ ముక్కోణమే గేబుల్.

చెక్క చట్రంతో కట్టిన ఇళ్ళలో గాలికి మొదట దెబ్బతినే భాగాలలో ఇది ఒకటి. కప్పు బరువులో అధికభాగం చూరుగోడలమీద, దూలాలమీద పడుతుంది. చివరిగోడ మోసే బరువు తక్కువ. అందువలన దానిని సన్నని కర్రలతోనో, తడికెతోనో, పలుచని ఇటుకతోనో మూసి సరిపెట్టడం పరిపాటి. కాని ఇంటిలోని గోడలన్నింటిలోకి ఎత్తయినది అదే. దాని ముక్కోణపు భాగానికి వెనుకనుండి పట్టి ఉంచే అడ్డగోడ కూడా సాధారణంగా ఉండదు. కావున గేబుల్ గోడ బలం దాని మందం కంటే, కప్పుతోను, చూరు మట్టంతోను దానికి ఉన్న కట్టుబాటుమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ వ్యాసంలో ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల ఇళ్ళను ఆధారంగా చేసుకొని ఎత్తయిన చివరిగోడల చట్రం, వాటి బిగింపు పద్ధతులు వివరించబడ్డాయి.

చట్రంలోని భాగాలు

* వెన్నుగాడి: కప్పు రెండు వాలులు కలిసే చోట, కొప్పు పొడవునా ఉండే దూలం.
* నిట్రాడు: నేలనుండి వెన్నుగాడి వరకు నిలిచి దానిని మోసే గుంజ. గుడిసెలలో దీని పైకొసను పంగగా ఉంచి, ఆ పంగలో వెన్నుగాడిని కూర్చుంటారు.
* దూలం: చూరు మట్టంలో ఒక గోడనుండి ఎదుటి గోడకు అడ్డంగా వేసే పెద్ద కలప.
* గోడపట్టె: గోడ పైఅంచున పొడవునా పరిచే కలప. వాసాల కిందికొసలు దీనిమీద ఆనుతాయి.
* వాసాలు: వెన్నుగాడినుండి చూరు వరకు ఏటవాలుగా దిగే కర్రలు.
* రీపర్లు: వాసాలమీద అడ్డంగా కొట్టే సన్నని బద్దలు. వీటిమీద పెంకులు నిలుస్తాయి.
* అడ్డకర్రలు: రెండు నిలువు గుంజల మధ్య అడ్డంగా బిగించే కర్రలు.
* కర్ణపు కట్టె: చతురస్రపు చట్రంలో ఒక మూలనుండి ఎదుటి మూలకు ఏటవాలుగా వేసే కట్టె.
* ఊతకర్ర: గోడ వెనుకనుండి ఏటవాలుగా నిలిపి, దానిని అటూ ఇటూ ఒరగకుండా పట్టి ఉంచే కర్ర.

ఉత్తర తెలంగాణ ఇళ్ళలో చివరిగోడ

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల మధ్య గోదావరి నది ప్రవహిస్తుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలుగా ఏర్పడింది. పూర్వపు కరీంనగర్ జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిశాయి. గోదావరికి ఉత్తరాన ఉన్న అడవులు టేకుకు ప్రసిద్ధి. టేకుతో పాటు నల్లమద్ది, కొడిశ, వెదురు కూడా ఈ ప్రాంతంలో ఇళ్ళ నిర్మాణానికి వాడుకలో ఉన్నాయి. అందువలన ఇక్కడి పాత ఇళ్ళలో గోడ మట్టిదైనా, కప్పును మోసేది కలపే.

గుడిసె, తడికె ఇల్లు

అత్యంత సరళమైనది రెండు పాకల గుడిసె. ఇంటి రెండు చివరలా ఒక్కొక్క నిట్రాడును భూమిలో పాతి, వాటిమీద వెన్నుగాడిని ఉంచి, దానినుండి రెండు వైపులకు వాసాలు దించుతారు. ఆదిలాబాదు అడవులలోని గోండు, కొలాం గూడేలలో సంప్రదాయ ఇళ్ళు చెక్క గుంజలు, వెదురు తడికె, దానిమీద మట్టిపూతతో కట్టినవి. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయి గ్రామంలో నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. ఆదిలాబాదు రాజగోండులపై ఆయన రచించిన గ్రంథం 1948లో వెలువడింది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రపరచబడి ఉన్నాయి.

నిట్రాడుతో నిలిపిన చివరిగోడలో ఒక ముఖ్యమైన గుణం ఉన్నది. నిట్రాడు నేలనుండి కొప్పు వరకు ఒకే కర్ర. చూరు మట్టంలో అతుకు లేదు. గాలి తడికెను నెట్టినప్పుడు ఆ ఒత్తిడి నిట్రాడుకు చేరుతుంది. నిట్రాడు కిందికొస భూమిలోను, పైకొస వెన్నుగాడికి కట్టుబడి ఉండటం వలన ఆ ఒత్తిడి రెండు చివరలకు పంచబడుతుంది. పైగా తడికె తేలికైనది, వంగే గుణం కలది. అది పడినా మనుషులకు పెద్ద ప్రమాదం ఉండదు.

నిట్రాడు బలహీనత దాని పాదంలో ఉన్నది. ఆదిలాబాదు ప్రాంతంలో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల వానాకాలంలో ఉబ్బి, వేసవిలో పగుళ్ళు తీస్తుంది. దీనివలన పాతిన గుంజ కాలక్రమంలో వదులవుతుంది. నేల మట్టానికి కొద్దిగా పైన, కింద తడి, గాలి రెండూ తగిలే చోట కలప త్వరగా పుచ్చుతుంది, చెదలు పడుతుంది. టేకు చేవ చెదలను చాలాకాలం తట్టుకుంటుంది గాని, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ గుణం లేదు. అందుచేత పెద్ద ఇళ్ళలో గుంజను భూమిలో పాతకుండా రాతి దిమ్మెమీద నిలుపుతారు. అప్పుడు పుచ్చు తగ్గుతుంది, కాని పాదానికి ఉన్న పట్టు పోతుంది. ఆ పట్టును మరొక విధంగా, అనగా పైభాగపు బిగింపుల ద్వారా సమకూర్చవలసి ఉంటుంది.

భవంతి ఇల్లు

తెలంగాణలోని సంపన్న గృహస్థుల పాత ఇళ్ళు నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దానిచుట్టూ చెక్క స్తంభాల వసారా కలిగి ఉంటాయి. వీటిని భవంతి ఇళ్ళు అంటారు. కోస్తా ప్రాంతంలో ఇటువంటి వాటిని మండువా లోగిలి అంటారు. ఇటువంటి ఇంటిలో కప్పు వాకిలి చుట్టూ తిరుగుతుంది. బయటి మూలల వద్ద కూడా వాలును మలిపినట్లయితే నాలుగు వైపులా చూరే ఉంటుంది; ముక్కోణపు గోడ ఏర్పడనే ఏర్పడదు. మూలవాసాలు నాలుగు వాలులను ఒకదానితో ఒకటి కట్టివేస్తాయి. గాలి ఏ వైపునుండి వచ్చినా ఎదురుగా పొడవైన నిలువుగోడకు బదులు కప్పు వాలే ఎదురవుతుంది. గేబుల్ సమస్యకు ఇది ఒక పాత పరిష్కారం. అయితే మూలవాసాలకు పొడవైన మంచి కలప, నేర్పరి అయిన వడ్రంగి కావాలి. అందువలన సామాన్యుల ఇళ్ళలో రెండు వాలుల కప్పే ఎక్కువ.

పెంకుటిల్లు, అటక

రెండు వాలుల పెంకుటింటిలో చూరు మట్టం వరకు మట్టిగోడగాని, ఇటుకగోడగాని కట్టి, దానిపైన ముక్కోణాన్ని అదే గోడతో లేదా చెక్క చట్రంతో మూస్తారు. పూర్వం కుమ్మరులు చేసిన గూనపెంకులు వాడేవారు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారం స్థాపించిన తరువాత యంత్రంతో అచ్చువేసిన పెంకులు క్రమంగా దక్షిణాది అంతటా వ్యాపించాయి. తెలంగాణలో వీటిని సాధారణంగా బెంగుళూరు పెంకులు అంటారు.

ఇటువంటి ఇళ్ళలో దూలాలమీద చెక్కపలకలు పరిచి అటకగా వాడుకుంటారు. ధాన్యం, సామాను దాచుకునేందుకు ఉద్దేశించిన ఈ అటక మరొక పని కూడా చేస్తుంది. చివరిగోడ సరిగ్గా చూరు మట్టంలోనే వంగి విరిగే అవకాశం ఉన్నది. అక్కడ అటక పలకలు, దూలాలు కలిసి ఒక గట్టి పడక వలె నిలిచి గోడను ఒరగనీయవు. ఇందుకు పలకలను దూలాలకు మేకులతో బిగించి, చివరి దూలాన్ని గోడతో కలిపి ఉండాలి. ఊరకే పరిచిన పలకలు ఈ పని చేయలేవు. పాత ఇంటిని మరమ్మత్తు చేసేటప్పుడు అటక అనవసరమని తీసివేస్తే, చివరిగోడకు ఉన్న ఏకైక ఆధారం పోయే ప్రమాదమున్నది.

గాలి ఒత్తిడి

ఉత్తర తెలంగాణలో సముద్రపు తుఫానుల తీవ్రత కోస్తాలో ఉన్నంత ఉండదు. ఇక్కడి ప్రమాదం ఎక్కువగా ఏప్రిల్, మే నెలలలో ఉరుములతో కూడి వచ్చే గాలివానలది. ఇవి కొద్ది నిమిషాలే వీచినా, ఒక్కసారిగా, ఊహించని దిశనుండి వస్తాయి.

భారతదేశంలో భవనాలపై గాలి భారాన్ని లెక్కించడానికి ఐఎస్ 875 ప్రమాణపు మూడవ భాగం వాడుకలో ఉన్నది. దీని 1987 నాటి పాఠాన్ని 2015లో సవరించారు. అందులో ఆదిలాబాదుకు ఉత్తరాన ఉన్న నాగపూరుకు, దక్షిణాన ఉన్న హైదరాబాదుకు మూల వాయువేగం సెకనుకు 44 మీటర్లు, అనగా గంటకు సుమారు 158 కిలోమీటర్లుగా ఇవ్వబడింది. ఇది ఆ నగరాలలో రోజూ వీచే గాలి కాదు. సుమారు 50 సంవత్సరాలకు ఒకసారి రాగల గాలిదెబ్బ. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది:

0.6 × 44 × 44 = సుమారు 1,160 న్యూటన్లు (ఒక చదరపు మీటరుకు)

ఇది చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల బరువుతో సమానం. ఇంటి ఎత్తు, పరిసరాలు, కప్పు వాలు, కిటికీలు తెరిచి ఉన్నాయా లేదా అనేవాటిని బట్టి అసలు లెక్కలో ఈ అంకెను హెచ్చించడమో తగ్గించడమో జరుగుతుంది. అయినను సమస్య ఎంతటిదో తెలుసుకోవడానికి ఇది చాలును.

ఉదాహరణకు 6 మీటర్ల వెడల్పు, చూరు వద్ద 3 మీటర్ల ఎత్తు, కొప్పు వద్ద 5 మీటర్ల ఎత్తు ఉన్న ఇంటిని తీసుకుందాం. చివరిగోడలోని ముక్కోణం వైశాల్యం 6 చదరపు మీటర్లు. దానిమీద పడే ఒత్తిడి సుమారు 700 కిలోలు. కింది భాగంతో కలిపి గోడ వైశాల్యం 24 చదరపు మీటర్లు. మొత్తం ఒత్తిడి సుమారు 2,800 కిలోలు.

ఈ ఒత్తిడి ఒకే దిశలో ఉండదు. గాలికి ఎదురుగా ఉన్న చివరిగోడ లోపలికి నెట్టబడుతుంది. అదే సమయంలో ఇంటి రెండవ చివరన ఉన్న గోడ బయటికి లాగబడుతుంది. గాలి దిశ మారినప్పుడు ఈ రెండూ తారుమారవుతాయి. అందువలన గోడను పట్టి ఉంచే ప్రతి బిగింపు నెట్టుడును, లాగుడును రెండింటినీ తట్టుకోవాలి. గోడకు ఊరకే ఆనించిన ఊతకర్ర నెట్టుడును ఆపుతుంది గాని, గోడ బయటికి పోయేటప్పుడు దానిని పట్టుకోలేదు.

ఎత్తు పెరిగితే ఏమి జరుగుతుంది?

రెండు చివరలా ఆధారం ఉన్న నిలువు గుంజమీద గాలి పొడవునా సమంగా ఒత్తిడి కలిగిస్తే, గుంజను వంచే బలం దాని పొడవు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గుంజ వంగే దూరం పొడవు నాల్గవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. పై ఇంటిలో చూరుగోడ గుంజ 3 మీటర్లు, కొప్పు కింది గుంజ 5 మీటర్లు అనుకుంటే:

* వంచే బలం 5/3 వర్గం, అనగా సుమారు 2.8 రెట్లు.
* వంగే దూరం 5/3 నాల్గవ ఘాతం, అనగా సుమారు 7.7 రెట్లు.

అనగా చూరుగోడకు సరిపోయిన గుంజనే చివరిగోడ మధ్యలో నిలిపితే అది దాదాపు 8 రెట్లు ఎక్కువగా వంగుతుంది. దీనికి విరుగుడు కూడా అదే గణితంలో ఉన్నది. గాలి వీచే దిశలో గుంజ లోతును రెట్టింపు చేస్తే దాని బిగువు 8 రెట్లు పెరుగుతుంది. 3 మీటర్ల గుంజ లోతు 10 సెంటీమీటర్లు అయితే, 5 మీటర్ల గుంజకు 20 సెంటీమీటర్లు ఉంచినప్పుడు రెండూ ఇంచుమించు సమానంగా వంగుతాయి. వెడల్పును రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపు మాత్రమే అవుతుంది. కాబట్టి దీర్ఘచతురస్రపు కలపను గోడ మందం దిశలో లోతు ఎక్కువ ఉండేటట్లు నిలపాలి. అంత లోతు గల కలప దొరకనప్పుడు రెండు కర్రలను జతచేసి, బోల్టులతో బిగించి ఒకే గుంజగా వాడవచ్చును. లేదా మధ్యలో ఒక ఆధారం కల్పించి గుంజ స్వేచ్ఛగా వంగే పొడవును తగ్గించవచ్చును. అటక చేసే పని ఈ రెండవదే.

అతుకు సమస్య

ఎత్తయిన చివరిగోడను కట్టడానికి రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటి పద్ధతిలో చూరు మట్టం వరకు చతురస్రపు చట్రం నిలిపి, గోడపట్టె వేసి, దానిపైన విడిగా చేసిన ముక్కోణపు చట్రాన్ని కూర్చుంటారు. పొట్టి కర్రలు చాలు, పని సులభం. కాని చూరు మట్టంలో ఉన్న ఆ అతుకు తలుపు మడతబందు వలె పని చేస్తుంది. గాలి నెట్టగానే గోడ ఆ గీత వద్ద మడత పడుతుంది. పై ముక్కోణం, కింది చట్రం ఎంత గట్టివైనా ఈ మడతను ఆపలేవు.

రెండవ పద్ధతిలో గుంజలన్నీ నేల పట్టెనుండి వాసం అడుగు వరకు ఒకే కర్రగా ఉంటాయి. మధ్యన ఉన్నది అన్నింటికంటె పొడవు, అంచులకు పోయేకొద్దీ పొడవు తగ్గుతుంది. ప్రతి గుంజ పైకొసను వాసం వాలుకు సరిపడేటట్లు కోసి, చివరి వాసానికి బిగిస్తారు. గుంజల మధ్య అడ్డకర్రలు వేస్తారు. ఇందులో మడతపడే గీత లేదు. పైన చెప్పిన నిట్రాడు సూత్రం ఇదే. ఒక్క కర్రకు బదులు వరుసగా పలు కర్రలకు ఇక్కడ వర్తింపజేయబడింది.

మొదటి పద్ధతి తప్పనిసరి అయినప్పుడు అతుకు ఉన్న మట్టాన్ని అటకతోగాని, అడ్డంగా పడుకోబెట్టిన గట్టి దూలంతోగాని పట్టి ఉంచాలి. ఆ దూలం లోతు నిలువుగా కాక, గాలి వీచే దిశలో అడ్డంగా ఉండాలి. దాని రెండు కొసలు చూరుగోడలకు గట్టిగా చేర్చబడి ఉండాలి.

బిగింపు పద్ధతులు

నాలుగు కర్రలను మూలల వద్ద ఒక్కొక్క మేకుతో కలిపి చేసిన చట్రాన్ని పక్కకు నెట్టితే అది ఒరిగిపోతుంది. మూలనుండి మూలకు ఒక కర్ణపు కట్టె వేస్తే రెండు త్రిభుజాలు ఏర్పడి ఒరగడం ఆగుతుంది. త్రిభుజం భుజాల పొడవు మారకుండా దాని కోణాలు మారవు. బిగింపులన్నింటికీ మూలం ఈ ఒక్క సూత్రమే.

* గోడ తలంలో బిగింపు: చూరుగోడల చివరి గదులలో కర్ణపు కట్టెలు వేయాలి. చివరిగోడమీద పడిన గాలిభారం చివరికి నేలకు చేరేది ఈ చూరుగోడల ద్వారానే. ఇవి ఒరిగితే చివరిగోడ ఎంత గట్టిగా ఉన్నా ఇల్లంతా ఒక వైపుకు వాలుతుంది.
* కప్పు తలంలో బిగింపు: వాసాల అడుగున, చూరు మూలనుండి కొప్పు వైపుకు ఏటవాలుగా పట్టెలు కొట్టాలి. రీపర్లు వాసాలకు అడ్డంగా మాత్రమే ఉంటాయి. అవి వాసాలన్నీ వరుసగా, పేకముక్కల వలె ఒరగడాన్ని ఆపలేవు. కప్పు వాలులో ఏటవాలు పట్టె లేకపోవడం పెంకుటిళ్ళలో తరచుగా కనిపించే లోపం.
* వెనుక ఊతకర్రలు: ముక్కోణం పైభాగం నుండి ఇంటి లోపలికి ఏటవాలుగా ఊతకర్రలు దించి, రెండవ లేక మూడవ దూలానికి బోల్టుతో బిగించాలి. ఒక్క చివరి దూలానికే బిగిస్తే ఆ దూలం కూడా గోడతోనే కదులుతుంది.
* వెన్నుగాడి అతుకు: వెన్నుగాడి చివరిగోడను దాటి బయటికి వచ్చి, గోడకు లోపల, బయట రెండు వైపులా చెక్క దిమ్మెతోగాని, ఇనుప పట్టీతోగాని బంధించబడాలి. అప్పుడే నెట్టుడు, లాగుడు రెండూ కప్పుకు చేరుతాయి.
* చూరు ముందుకు సాగిన భాగం: వాన పడకుండా చివరిగోడకు బయట కప్పును ముందుకు సాగదీస్తారు. దీని అడుగున చేరిన గాలి కప్పును పైకి ఎత్తుతుంది. ఈ భాగం ఎంత ఎక్కువ ఉంటే చివరి వాసాన్ని అంత గట్టిగా కట్టాలి.

సంప్రదాయ వడ్రంగి పనిలో కర్ర చివర కుసిని చెక్కి, మరొక కర్రలో తొలిచిన బెజ్జంలో కూర్చి, చెక్క చీలతో బిగిస్తారు. ఈ అతుకు నెట్టుడును బాగా తట్టుకుంటుంది. లాగుడును మాత్రం ఆ ఒక్క చీలే మోయాలి. ఆదిలాబాదులో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలు ఉన్నాయి. ఆ వేడికి కలప ఎండి కుదించుకొనగా అతుకులు వదులవుతాయి. గాలివానల కాలం కూడా అదే. అందుచేత ముఖ్యమైన అతుకులకు చీలతో పాటు ఇనుప పట్టీగాని, బోల్టుగాని ఉండటం మంచిది. మేకును కర్ర నిలువు కొసలో, అనగా నార దిశలో కొడితే దాని పట్టు చాలా తక్కువ. నారకు అడ్డంగా కొట్టిన మేకు గట్టిగా పట్టుకుంటుంది.

అమెరికా అనుభవం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విడి ఇళ్ళలో అధికభాగం చెక్క చట్రంతో కట్టినవి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది నివసించేది ఇటువంటి ఇళ్ళలోనే. 19వ శతాబ్దంలో చికాగో ప్రాంతంలో వ్యాప్తి చెందిన బెలూన్ చట్రపు పద్ధతిలో గుంజలు పునాదినుండి కప్పు వరకు ఒకే కర్రగా ఉండేవి. 20వ శతాబ్దంలో దాని స్థానంలో అంతస్తుకు అంతస్తు విడిగా కట్టే ప్లాట్‌ఫారం పద్ధతి వచ్చింది. దీనితో పొడవైన కలప అవసరం తగ్గింది, కాని చివరిగోడలో పైన చెప్పిన మడతగీత ఏర్పడింది.

1992 ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ తుఫానులో అనేక ఇళ్ళ గేబుల్ గోడలు కూలిపోయాయి. ముక్కోణపు చట్రాలకు వెనుకనుండి తగిన బిగింపు లేకపోవడం ఒక ప్రధాన కారణమని ఆ తరువాతి పరిశీలనలలో తేలింది. నాలుగు వాలుల కప్పులు సాధారణంగా తక్కువ నష్టంతో బయటపడ్డాయి. అటుపిమ్మట ఫ్లోరిడాలో భవన నిర్మాణ నియమాలు కఠినం చేయబడ్డాయి. రాష్ట్రమంతటికీ వర్తించే నియమావళి 2002లో అమలులోకి వచ్చింది. తెలంగాణ భవంతి ఇంటి కప్పు, నిట్రాడు ఏ సూత్రంమీద నిలిచాయో, ఆ సూత్రమే అక్కడ మరొక దారిలో నిర్ధారితమైంది.

పెంకులకు బదులు రేకులు

పెంకులను ఏటేటా సర్దే పని, కోతుల బెడద, కలప ధర పెరగడం వంటి కారణాలవలన ఉత్తర తెలంగాణ గ్రామాలలో అనేక పెంకుటిళ్ళ కప్పులు సిమెంటు రేకులకు, ఇనుప రేకులకు మారాయి. ఈ మార్పుతో చివరిగోడ స్థితి కూడా మారుతుంది.

మంగుళూరు పెంకుల కప్పు రీపర్లతో కలిపి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు ఉంటుంది. పలుచని ఇనుప రేకు 5 కిలోల లోపే. గాలి కప్పుమీదుగా పోయేటప్పుడు దానిని పైకి లాగుతుంది. పై లెక్కలోని 118 కిలోలలో సగం, అనగా 59 కిలోల లాగుడును పెంకుల కప్పు తన బరువుతోనే అణచగలదు. రేకుకు ఆ బరువు లేదు. దాని బోల్టులే ఆధారం. అంతేగాక పెంకుల సందులగుండా గాలి కొంత బయటికి పోయి ఒత్తిడి తగ్గుతుంది. రేకుల కప్పులో అటువంటి సందులు తక్కువ.

కప్పు లేచిపోయిన మరుక్షణంలో చివరిగోడ పైభాగానికి ఉన్న పట్టు పోతుంది. 23 సెంటీమీటర్ల మందం గల ఇటుక గోడ చూరు మట్టానికి పైన 2 మీటర్లు ఏ ఆధారమూ లేకుండా నిలిచి ఉన్నదనుకుందాం. ఒక మీటరు వెడల్పుకు దాని బరువు సుమారు 870 కిలోలు. బరువు గోడ మధ్యలో పనిచేస్తుంది కనుక, పడిపోకుండా ఆపే బలం 870 × 0.115 = సుమారు 100 కిలోగ్రాం-మీటర్లు. గాలి పడదోసే బలం 118 × 2 × 1 = 236 కిలోగ్రాం-మీటర్లు. అనగా ఆపే బలానికి రెండింతలకు పైగా. తేడాను భరించవలసినది ఇటుకల మధ్య సున్నమో, సిమెంటో, మట్టో మాత్రమే. మట్టితో కట్టిన గోడకు ఆ శక్తి దాదాపు లేదనే చెప్పాలి. తడికె పడినప్పుడు లేని ప్రాణాపాయం ఇటుక ముక్కోణం పడినప్పుడు ఉంటుంది. గాలివానలో గోడ కూలి మనుషులు మరణించే ప్రమాదం ఇటువంటి చోటనే అధికం.

కావున రేకులు వేసేటప్పుడు కప్పు పట్టెలను గోడలో లోతుగా బంధించిన ఇనుప కడ్డీలకు కట్టాలి. ఇటుక ముక్కోణాన్ని వీలైనంత తగ్గించి, దాని స్థానంలో తేలికైన చెక్క చట్రంగాని, రేకుగాని అమర్చడం శ్రేయస్కరం. రేకులమీద రాళ్ళు పెట్టడం బోల్టులకు ప్రత్యామ్నాయం కాదు. పెద్ద గాలికి ఆ రాళ్ళే జారి ప్రమాదం కలిగిస్తాయి.

భూకంపం

గోదావరి లోయ ప్రాంతంలో అప్పుడప్పుడు భూకంపాలు సంభవిస్తాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలోను, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలోను భూకంపాలు వచ్చాయి. ములుగు భూకంపం తీవ్రత 5.3గా నమోదయింది. భూకంపంలో గోడ తన బరువును బట్టి ఊగుతుంది. బరువైన ఇటుక ముక్కోణం ఎక్కువ బలంతో ఊగుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 4326 ఇటుక ముక్కోణానికి చూరు మట్టంలోను, వాలు అంచుల వెంబడి కూడా పట్టీ కట్టాలని సూచిస్తుంది. చెక్క చట్రాలకు కర్ణపు కట్టెలు వేయాలని కూడా అందులో ఉన్నది. గాలికి చేసిన బిగింపులే ఇక్కడ కూడా ఉపకరిస్తాయి.

తనిఖీ, నిర్వహణ

చివరిగోడను ఏటా వేసవి ఆరంభంలో, గాలివానలకు ముందే పరిశీలించడం మంచిది. గమనించవలసినవి:

1. చూరు మట్టంలో లోపలగాని బయటగాని అడ్డంగా పగులు ఉన్నదా? ఇది మడత మొదలైనదనుటకు గుర్తు.
2. కొప్పునుండి తూకపుగుండు వేలాడదీసినప్పుడు గోడ ఒక వైపుకు ఒరిగి కనిపిస్తున్నదా?
3. గుంజ పాదంలో సూదిమొన గల పనిముట్టు సులభంగా దిగుతున్నదా? దిగితే కలప పుచ్చినట్లే.
4. వెన్నుగాడి కొస గోడలో తడికి పుచ్చిందా? గోడలో మూసుకుపోయిన కొసలు ముందుగా చెడుతాయి.
5. చీలలు, బోల్టులు, పట్టీలు వదులైనవా?
6. వాసాలన్నీ నిటారుగా ఉన్నవా, లేక ఒక చివరకు వాలినవా?

ఒరిగిన గోడను సరిచేసేటప్పుడు ముందుగా లోపల, బయట రెండు వైపులా ఊతకర్రలు నిలిపి, తరువాతనే పాత కట్లు విప్పాలి. పని పూర్తి అయి కొత్త బిగింపులన్నీ చేరే వరకు ఆ గోడను ఆనుకొని ఎవరూ పడుకోకుండా, కూర్చోకుండా చూడాలి.

ఇవి కూడా చూడండి

* పెంకుటిల్లు
* మండువా లోగిలి
* టేకు
* వడ్రంగి
* గోండులు
* ఆదిలాబాదు జిల్లా
* కరీంనగర్ జిల్లా